పన్నెండు నిమిషాల పదును

రమాసుందరి మేడం కుర్చీలో కూర్చోగా నేను చూసింది ఈ ఆరేళ్లలో నాలుగైదుసార్లకు మించదు. గవర్నర్‌పేటలో నా డీటీపీ షాపుకి వచ్చినప్పుడల్లా "కూర్చోండి మేడం" అంటాను. "ఆఁ, కూర్చుంటాను" అంటారు. అని, నా భుజం వెనకే నిలబడి, స్క్రీను మీద వేలు పెట్టి, ఈ వాక్యం తీసెయ్, ఆ వాక్యం పైకి జరుపు అని మొదలుపెడతారు. ఆవిడ వెళ్లాక స్క్రీను తుడుచుకోవడం నాకు అలవాటైపోయింది. ఆసులో కండెలాగా ఇటూ అటూ తిరిగే మనిషి నేతపని మీద పుస్తకం రాస్తానంటే నాకు నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు. పాలిటెక్నిక్‌లో నాకు ల్యాబు చెప్పిన మనిషి, నాకు నలభై దాటినా ఆ భయం పోలేదు.

ఆవిడది పామర్రు దగ్గర వ్యవసాయ కుటుంబం. ముప్పై ఒక్కేళ్లు పాలిటెక్నిక్‌లో పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. "పీటల మీద మూడు గంటలు కూర్చోవాలి కదా, అదీ సంగతి" అంటుంది ఆవిడ చెల్లెలు జ్ఞానేశ్వరి. రిటైరైన రోజున శాలువా ఎవరికో ఇచ్చేసి, ల్యాబులో తను వాడిన స్టాప్‌వాచీ అడిగి తెచ్చుకున్నారు. మర్నాటి నుంచి దాన్ని మెళ్లో వేసుకుని, లాంగ్ నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని, చేతిపని చేసేవాళ్ల ఇళ్ల మీద పడ్డారు. ఒక వస్తువు ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరిదాకా చూడటం, కొలవడం, రాయడం. అంతే పని. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ వద్దనలేదు కూడా, వద్దనేంత సేపు ఆవిడ ఎక్కడా ఆగరు.

ఇప్పటికి ఐదు చిన్న పుస్తకాలు వేశాం. హనుమాన్ జంక్షన్‌లో జోయెల్ లారీలకు చెక్కబాడీ కట్టే విధానం మొదటిది. తర్వాత శౌరమ్మ తుంగచాపలు, కృష్ణలో తిరిగే పుట్టి అల్లకం, ఇత్తడి పోత. ఐదోది మంగళగిరి పడుగు గంజి. టైపు నాది, ఫొటోలు నావి, తిట్లు కూడా నావే. ఆవిడకి ఒకటే సూత్రం. "పుస్తకం చదివి, ఆ పని తెలియనివాడు చెయ్యగలగాలి గోపీ. చెయ్యలేకపోతే అది పుస్తకం కాదు, పొగడ్త." అందుకని ఆవిడ రాతలో 'కొంచెంసేపు' ఉండదు, 'తగుమాత్రం' ఉండదు. నిమిషాలు, గ్రాములు, అంగుళాలు ఉంటాయి. నాకు ఆ పిచ్చి అంటే విసుగూ ఉంది, లోపల గౌరవమూ ఉంది.

ఆ సోమవారం కూడా నా వెనకే నిలబడి ఉండగా ఫోనొచ్చింది. చేతిలో ప్రూఫులున్నాయని స్పీకరు పెట్టారు.

"మేడంగారాండీ? నా పేరు మల్లీశ్వరండి. పామర్రు అవతల నుంచి మాట్లాడుతున్నానండి. మీ పుస్తకం చూసి పడుక్కి గంజి పెట్టానండి. దారాలన్నీ అట్టగట్టుకుపోతున్నాయండి."

"ఎన్నో పేజీ దగ్గర?" అన్నారు మేడం. నమస్కారం లేదు, బాగున్నావా లేదు.

"నలభై ఒకటండి. గంజి పట్టించాక పన్నెండు నిమిషాలు ఆగమన్నారు కదండీ. గోడ గడియారం బయటికి తెచ్చి పెట్టుకుని మరీ ఆగానండి."

మేడం ప్రూఫులు నా కీబోర్డు మీద పెట్టేశారు. "ఎన్నిసార్లు చేశావమ్మా?"

"మూడు పడుగులండి. మొదట గంజి చిక్కనైందేమో అనుకున్నానండి. తర్వాత ఎండ ఎక్కువైందేమో అనుకున్నానండి. నాదే తప్పనుకున్నానండి, అచ్చులో పడ్డదాంట్లో తప్పుంటదా అండి."

మిగతాది మేడం గుచ్చిగుచ్చి అడిగితే చెప్పింది. మల్లీశ్వరి పుట్టిల్లు మంగళగిరి. నెయ్యడం వచ్చు, కానీ వాళ్లింట్లో గంజి పని వేరేవాళ్లు చేసిపెట్టేవాళ్లు, ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. తండ్రి పోయాక ఆయన మగ్గం అత్తగారి ఊరు తెచ్చుకుని, ఇంటి పక్క వసారాలో కాళ్లు దించి నేసే గుంట తవ్వించి పెట్టుకుంది. గంజి పెట్టిన పడుగులు పంపమని మంగళగిరి వాళ్లని అడిగితే, మా మగ్గాలకే చాలడం లేదన్నారట. సరే పుస్తకం ఉంది కదా అని మొదలుపెట్టింది. మూడు పడుగుల నూలు పాడయ్యేసరికి భర్త విఠల్ విసిగిపోయాడు. గుంట పూడ్చి నాపరాళ్లు పరిస్తే బండి పెట్టుకోవచ్చన్నాడు. శనివారం ట్రాక్టరు మట్టి దిగుతుంది.

"ఇంకొక్క పడుక్కే నూలుందండి" అంది మల్లీశ్వరి. "అదీ పోతే ఇంక నేను ఆయన్ని ఆపలేనండి. అడిగే మొహం కూడా ఉండదండి."

"ఆ నూలు ముట్టుకోకు. శుక్రవారం పొద్దున్నే నేనొస్తున్నాను" అని ఫోను పెట్టేసి, మేడం షాపులో మూడడుగుల జాగాలో తిరగడం మొదలుపెట్టారు. నా షాపులో తిరగడానికి ఉన్నదే మూడడుగులు.

పడుగు గంజి అంటే తెలియనివాళ్లకి చెప్తాను. మగ్గానికి ఎక్కించే నిలువు దారాల్ని పడుగు అంటారు. ఆ దారాలు నేతలో రాపిడికి తెగకుండా ముందే గంజి పట్టించాలి. తెల్లవారుతూనే వీధి పొడవునా పడుగుని చాచి, అన్నం గంజి పట్టించి, ఇద్దరు చెరోవైపు నిలబడి పొడవాటి కుంచెలతో దువ్వుతారు. వేల దారాలు దేనికది విడివిడిగా ఆరాలి. ఒకదానికొకటి అంటుకున్నాయో, అది పడుగు కాదు, అప్పడం.

"సత్యం చెప్పిన మాటే రాశాను" అన్నారు మేడం. మంగళగిరిలో మేము గంజి పని చూసింది సత్యం ఇంట్లోనే. నోట్‌బుక్కు తీసి చూపించారు. గంజి పట్టించడం ముగింపు: ఆరు ఇరవై ఒకటి. కుంచె మొదలు: ఆరు ముప్పై మూడు. పక్కనే సత్యం మాట: 'పదును మీద దువ్వాలి.' "పదును వచ్చేదాకా ఆగాలి కదా మరి? వాన పడగానే అరక కడతామా? అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అని మా నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. నేల పీల్చుకోవాలి, కాలికి బురద అంటకూడదు, అప్పుడొస్తుంది పదును. దారమైనా అంతే కదా. నీ ఫొటో కూడా ఉందిగా, పంతొమ్మిదోది."

ఉంది. పంతొమ్మిదో ఫొటోలో సత్యం, ఆయన భార్య శివపార్వతి పడుగు పక్కన ఊరికే నిలబడి ఉంటారు. చేతుల్లో కుంచెలుంటాయి, దువ్వుతూ ఉండరు. కింద మేడం రాసిన మాట: 'పదును కోసం వేచి ఉన్న దంపతులు.' మంచి ఫొటో అని నలుగురూ మెచ్చుకున్నారు. నేనే పొంగిపోయాను.

ఆవిడ వెళ్లాక, ఎందుకో అసలు ఫొటో తీసి చూద్దామనిపించింది. పుస్తకంలో వేసింది కత్తిరించిన ముక్క. కుడిపక్క మూడోవంతు నేనే కోసేశాను. పాత ఫోల్డరు వెతికి పట్టుకుని, ఫొటో తెరిచాను. కుడిపక్క అరుగు దగ్గర మేడం నిలబడి ఉన్నారు. ఎడమచేతిలో నోట్‌బుక్కు. కుడిచేతిలో స్టీలు గ్లాసు, దాంట్లోంచి పొగ. కాఫీ ఊదుకుంటున్నారు. సత్యం, శివపార్వతి చూస్తున్నది పడుగుని కాదు, ఆవిడ గ్లాసుని.

పుస్తకంలో గ్లాసు కనిపిస్తే బాగుండదని కోశాను. పని ప్రక్రియ బొమ్మలో కాఫీ ఏమిటి అనుకున్నాను. ఆవిడకు చెప్పను కూడా లేదు, చెప్పాల్సిన విషయమని తోచలేదు. ఏడు నెలల తర్వాత నోట్సు ముందు పెట్టుకుని రాసేటప్పుడు ఆవిడకి కాఫీ గుర్తులేదు, పన్నెండు నిమిషాల ఖాళీ మాత్రం కనిపించింది. పక్కన పదును అనే మాట ఉంది. ఖాళీలో మాట సరిగ్గా కూర్చుంది.

చెప్పాలి. మంగళవారమంతా చెప్పలేదు. ఫొటో ఫోనులోకి ఎక్కించుకున్నాను, జేబులో పెట్టుకుని తిరిగాను. పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు కొట్టాను. మూడు పడుగులు పాడుచేసిన మనిషిని నేనని ఒప్పుకోవడం అంత తేలికగా లేదు.

బుధవారం ఇద్దరం మంగళగిరి బస్సెక్కాం. సీటు ఖాళీగా ఉన్నా ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు, అందుకని నేనూ నిలబడ్డాను. వారధి దాటుతుంటే చెబుదామనుకున్నాను. బైపాసు దగ్గర చెబుదామనుకున్నాను. బస్సు ఆగింది, దిగిపోయాం.

సత్యం ఇంట్లో మా పుస్తకం దేవుడి గూట్లో ఉంది. పసుపు గుడ్డలో చుట్టి, బొట్టు పెట్టి. ఎవరైనా వస్తే విప్పి పంతొమ్మిదో ఫొటో చూపించి మళ్లీ చుట్టేస్తారట. ఒక్క ముక్క చదవలేదు. "మా పనేగా అమ్మా, మాకు తెలియందేముంది దాంట్లో" అన్నాడాయన ఎంతో మర్యాదగా.

మేడం అరుగు మీద నిలబడే నలభై ఒకటో పేజీ చదివి వినిపించారు.

"పన్నెండు నిమిషాలా?" అన్నాడు సత్యం. "ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరేమిటి, నువ్వే. పదును అన్నావు. నా నోట్సులో ఉంది."

"పదును మీద దువ్వాలన్నానమ్మా. ఆగాలన్లేదు."

"పదును రావాలంటే ఆగొద్దూ?"

"వచ్చేదేముందమ్మా? గంజి పట్టించగానే పదునుంటది. గాలి తగిలిందా, పోద్ది. అది పోయేలోపే దువ్వాల."

మేడం మొహం ఎర్రబడింది. "అప్పుడో మాట, ఇప్పుడో మాట చెప్తే ఎలా సత్యం? అక్కడొక పిల్ల మూడు పడుగులు నాశనం చేసుకుని కూర్చుంది. ఆ రోజు నా కళ్లముందు మీరిద్దరూ పన్నెండు నిమిషాలు ఆగారు. వాచీ పెట్టాను నేను."

సత్యం తల వంచుకున్నాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. "అయితే మేమే తప్పు చెప్పుంటాం లెండమ్మా. చదువు లేనోళ్లం. ఏమనుకోబాకండి."

నలభై ఐదేళ్లుగా గంజి పెడుతున్న మనిషి, ఇంటికొచ్చిన ఆవిడ మాట నిలబెట్టడం కోసం తన చేతిపనినే తప్పంటున్నాడు. నా జేబులో ఫోను కాలుతున్నట్టు అనిపించింది. ఇక ఉండలేక తీసి మేడం చేతిలో పెట్టాను.

"కుడిపక్క చూడండి మేడం. నేనే కోశాను."

ఆవిడ చూశారు. వేళ్లతో ఫొటో పెద్దది చేశారు. గ్లాసు పెద్దదైంది. ఆవిడ పెదాలు పెద్దవయ్యాయి. అంతసేపు ఆవిడ కదలకుండా నిలబడటం నేను చూడలేదు. నన్ను తిడతారనుకున్నాను, తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

"నేను కాఫీ తాగుతుంటే మీరు పని ఆపారా?" అని అడిగారు చివరికి, మెల్లగా.

సమాధానం శివపార్వతి చెప్పింది. "మరి ఇంటికొచ్చిన మనిషి కాఫీ తాగుతుంటే మా పాటికి మేం దువ్వుకుంటా పోతే ఏం బాగుంటదమ్మా? మీరు వేడిగా ఉందని ఊదుకున్నారు. సరే, తాగాక చేద్దాంలే అనుకున్నాం."

"మరి ఆ పడుగు?"

"అట్టగట్టింది లెండి. మీ ముందు పైపైన దువ్వి, మీరెళ్లాక మళ్లీ తడుపుకుని దువ్వుకున్నాం. మధ్యాహ్నం దాకా పట్టింది. అదేం పెద్ద సంగతి కాదు."

మేడం అరుగు మీద కూర్చున్నారు. నా లెక్కలో అది ఆరోసారి. స్టాప్‌వాచీ మెళ్లోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "రైతుకి పదును వచ్చేది. మీకు పదును పోయేది" అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. తర్వాత సత్యం వైపు తిరిగి, "తప్పు నాది సత్యం. నిన్ను అబద్ధాలకోరుని చేశాను. క్షమించు" అన్నారు. ఆయన కంగారుపడిపోయి "అయ్యో, అంతమాట అనకండమ్మా" అని లేచి నిలబడ్డాడు. శివపార్వతికి ఏం చెయ్యాలో తోచక, అలవాటుకొద్దీ, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లబోయింది. మేడం ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశారు.

గురువారం తెల్లవారుజామున అదే వీధిలో మేడం మళ్లీ చూశారు. ఈసారి రాయలేదు. ఒక కుంచె అడిగి తీసుకుని, శివపార్వతి పక్కన నిలబడి తనూ దువ్వారు. మొదట చెయ్యి తిరగలేదు, రెండుచోట్ల దారాలు తెంపారు, శివపార్వతి ముడేసింది. గంజి పట్టించిన చెయ్యి ఆగకుండానే కుంచె అందుకోవాలి, పడుగు ఆరేదాకా కుంచె ఆగకూడదు. మధ్యలో విరామమనేదే లేదు. మా పుస్తకంలో పన్నెండు నిమిషాలున్న చోట అసలు పనిలో ఒక క్షణం కూడా లేదు.

శుక్రవారం ఆరింటికల్లా మల్లీశ్వరి వాళ్ల ఊళ్లో ఉన్నాం. ట్రాక్టరు ఒకరోజు ముందే వచ్చింది. వాకిట్లో ఎర్రమట్టి కుప్ప, దాని పక్కన పార, గమేళాలు. విఠల్ మంచివాడే. మమ్మల్ని చూసి చొక్కా వేసుకుని వచ్చి నమస్కారం పెట్టాడు. "మట్టి ఇవాళే ఉందన్నాడండి, రేపైతే దొరకదంట. అందుకని తోలించాను" అన్నాడు, తప్పు చేసినట్టు. మల్లీశ్వరి ఆ కుప్ప వైపు చూడటం లేదు. పాతికేళ్లుంటాయేమో, నిద్రలేని కళ్లు. వసారాలో మగ్గం గుంట కనిపిస్తూనే ఉంది, దాంట్లో అప్పటికే ఎవరో పాత గోనెలు పడేశారు.

కాలవ గట్టు మీద పడుగు చాచాం. మేడం ఆ అమ్మాయికి ఒక్కమాటే చెప్పారు. "నలభై ఒకటో పేజీ తప్పు. అది నేను తాగిన కాఫీ. మిగతాది తర్వాత చెప్తాను. ఇప్పుడు నీ చెయ్యి ఆగకూడదు, నా చెయ్యి ఆగకూడదు." మల్లీశ్వరికి అర్థమైందో లేదో కానీ తలూపింది.

గంజి పట్టిస్తూనే ఇద్దరూ కుంచెలు అందుకున్నారు. ఆ వైపు ఆమె, ఈ వైపు ఈవిడ. అరవై దాటిన మనిషి చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని గట్టు మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటే, ఇన్నేళ్లు కాలు నిలవకుండా తిరిగింది ఈ ఒక్క పొద్దుటి కోసమేనేమో అనిపించింది నాకు. మూడో విడత దువ్వుతుండగా మల్లీశ్వరి అత్తగారు పళ్లెంలో గ్లాసులతో వచ్చింది.

"ముందు కాఫీ తీసుకోండమ్మా, చల్లారిపోద్ది. పనెక్కడికి పోద్ది?"

మల్లీశ్వరి కుంచె ఒక్క క్షణం తడబడింది. ఇంటికొచ్చిన పెద్దావిడ, అత్తగారి చేతిలో కాఫీ, మధ్యలో తను. మేడం తలెత్తలేదు. "పని ఎక్కడికీ పోదండీ, పదును పోద్ది. దువ్వమ్మా, దువ్వు" అన్నారు. ముసలావిడ మొహం మాడిపోయింది. ఆ ఇంట్లో కాఫీ వద్దన్నవాళ్లు అంతకుముందు ఉండి ఉండరు. పళ్లెం నా చేతిలో పెట్టి విసవిసా వెళ్లిపోయింది. నేను తాగలేదు, పళ్లెం పట్టుకుని స్తంభంలా నిలబడ్డాను.

కాలవ మీంచి గాలి లేచింది. అవతలి కొసన పడుగుని లాగి పట్టిన గుంజ వంగడం మొదలెట్టింది. మేడం దువ్వడం ఆపలేరు, మల్లీశ్వరి ఆపలేదు, నా చేతుల్లో కాఫీలు. విఠల్ రెండంగల్లో వచ్చి గుంజని భుజంతో ఆనించి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. భార్య కుంచె ఎలా వెళ్తోందో, దారాలు ఎలా విడిపోతున్నాయో, బహుశా మొదటిసారి దగ్గర్నుంచి చూశాడు.

కాఫీల మీద మీగడ కట్టింది. పడుగు ఆరింది. మల్లీశ్వరి అరచెయ్యి దారాల మీద పెట్టి, భయంభయంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించింది. దేనికది విడిగా లేచి వేళ్ల సందుల్లోంచి జారాయి. ఆమె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"మరి మట్టి ఏం చెయ్యమంటావ్?" అని అడిగాడు విఠల్, ఇంకా గుంజ వదలకుండానే.

"వాకిట్లో పల్లంగా ఉందిగా, వానొస్తే నీళ్లు నిలబడతన్నాయి. అక్కడ పోయించు" అంది మల్లీశ్వరి.

వసారాలోకి వెళ్లి గుంటలోంచి గోనెలు తీసి బయట పడేసింది కూడా ఆమే. మేము వచ్చేటప్పుడు ముసలావిడ దగ్గరికి మేడం స్వయంగా వెళ్లి, చల్లారిన కాఫీ అడిగి తాగారు. అయినా ఆవిడ పూర్తిగా కరగలేదు.

పామర్రు సెంటర్లో బస్సు కోసం నిలబడ్డాం. నాకు గుండె మీంచి బండ దించినట్టుగా ఉంది. సవరణ చీటీ ఎలా వెయ్యాలో, అమ్ముడైన రెండొందల చిల్లర కాపీలకు ఎలా చేర్చాలో చెబుతున్నాను. పంతొమ్మిదో ఫొటో ఈసారి కొయ్యకుండా, గ్లాసుతో సహా వేద్దామన్నాను. మేడం వింటున్నట్టే ఉన్నారు. విజయవాడ బస్సొచ్చింది. నేను మెట్టు మీద కాలు పెట్టాను, ఆవిడ కదల్లేదు.

"గోపీ" అన్నారు. "మనం ఐదు పుస్తకాలు వేశాం."

"అవునండి."

"ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు కదా."

నేను మెట్టు మీంచి కాలు తీసేశాను. కండక్టరు మా ఇద్దరి వంక చూసి రైట్ అన్నాడు, బస్సు వెళ్లిపోయింది. మేడం అప్పటికే రోడ్డు దాటి గుడివాడ వైపు బస్సులు ఆగేచోటికి నడుస్తున్నారు.

"హనుమాన్ జంక్షన్ వెళ్దాం పద" అన్నారు వెనక్కి తిరక్కుండా. "జోయెల్ వాళ్లింట్లో రెండుసార్లు ఇచ్చారు."